యాడ్ ఫిల్మ్‌ల నుంచి సినిమా దర్శకత్వానికి: ఎలా సిద్ధపడాలి?

వాణిజ్య ప్రకటనలు తీసేవారు సినిమా దర్శకులు కావడం కొత్త సంగతి కాదు. సత్యజిత్ రాయ్ 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా చేరారు. శ్యామ్ బెనెగల్ 1959లో లింటాస్ అనే ప్రకటనల సంస్థలో కాపీ రైటర్‌గా (ప్రకటనల మాటలు రాసేవారిగా) మొదలయ్యారు. బ్రిటన్‌లో రిడ్లీ స్కాట్, అలన్ పార్కర్, హ్యూ హడ్సన్, ఏడ్రియన్ లైన్ దాదాపు ఒకే కాలంలో టీవీ ప్రకటనల నుంచి సినిమాకు వచ్చారు. ఇలాంటి పేర్లు వరుసగా చదివినవారికి ప్రకటనల రంగం సినిమాకు తిన్నని దారి అనిపిస్తుంది. దారి ఉన్న మాట నిజమే గానీ, ఆ పేర్ల వెనుక ఉన్న సంవత్సరాలను కూడా లెక్కపెట్టాలి. స్కాట్ 1968లో సొంత ప్రకటనల నిర్మాణ సంస్థను స్థాపించారు, ఆయన తొలి సినిమా 1977లో వచ్చింది. బెనెగల్ తొలి సినిమాకు 1974 దాకా ఆగవలసి వచ్చింది. ప్రకటనలు తీసినవారికి షాటు తీయడం బాగా తెలుసు. ఒక మనిషి కథను రెండు గంటలపాటు నిలబెట్టడం మాత్రం ఆ పనిలో ఎవరూ నేర్పరు. ఆ లోటును సినిమా అవకాశం రాకముందే, ఉద్యోగంలో ఉండగానే ఎలా పూడ్చుకోవచ్చో ఇక్కడ చెప్పదలచుకున్నాను.

చేతిలో ఉన్న పనితనం, లేని పనితనం

ముందుగా లెక్క చూడండి. 30 సెకన్ల ప్రకటనకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల చిత్రీకరణ ఉంటుంది. రెండు గంటల సినిమా అంటే అలాంటివి 240 కలిపినంత నిడివి. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అవుతుందని పరిశ్రమలో ఒక వాడుక లెక్క ఉంది. దాని ప్రకారం 120 పేజీల స్క్రిప్టును 40 రోజుల్లో తీయాలంటే రోజుకు మూడు పేజీలు, అంటే మూడు నిమిషాల సినిమా పూర్తికావాలి. రోజంతా శ్రమించి పది పదిహేను సెకన్లు రాబట్టడానికి అలవాటుపడిన దర్శకుడికి తొలి వారంలోనే ఈ తేడా తెలిసివస్తుంది.

అయితే ప్రకటనల అనుభవం ఇచ్చేది తక్కువేమీ కాదు. గడువులోగా, బడ్జెట్‌లోగా పని ముగించడం, ఏడాదిలో ఎన్నోసార్లు సెట్టు మీద నిలబడటం, కొత్త కెమెరాలనూ లెన్సులనూ ఇతరుల ఖర్చుతో పరీక్షించడం, పదిమంది ఎదుట తన ఆలోచనను స్పష్టంగా చెప్పి ఒప్పించడం, ఇవన్నీ ఫిల్మ్ స్కూలు నుంచి నేరుగా వచ్చినవారికి దొరకని అభ్యాసం. రెండు సినిమాల మధ్య నాలుగైదేళ్లు ఖాళీగా ఉండే దర్శకులున్న రంగంలో, నిరంతరం చిత్రీకరిస్తూ ఉండటమే ఒక పెద్ద బలం.

లోటు ఎక్కడంటే, ప్రకటనలో కథ ఏజెన్సీ నుంచి వస్తుంది. బ్రీఫ్ (ప్రకటన ఏం చెప్పాలో తెలిపే పత్రం) వాళ్లది, స్క్రిప్టు వాళ్లది, చివరి ఆమోదం క్లయింటుది. దర్శకుడు ట్రీట్‌మెంట్ (దాన్ని ఎలా తీస్తాడో వివరించే పత్రం) రాసి, మరో ఇద్దరు దర్శకులతో పోటీపడి పని సంపాదించి, అప్పటికే నిర్ణయమైన విషయాన్ని అందంగా, వేగంగా చెబుతాడు. ఏం చెప్పాలి, ఎందుకు చెప్పాలి అన్న ప్రశ్నలు అతని దగ్గరకు వచ్చేసరికే తేలిపోయి ఉంటాయి. సినిమాలో ఆ రెండు ప్రశ్నలతోనే పని మొదలవుతుంది.

షోరీల్‌ను మరో కంటితో కూర్చుకోండి

సినిమా తీయాలన్న నిశ్చయం ఉంటే, ఒప్పుకునే ప్రకటనల ఎంపికలోనే అది కనిపించాలి. ఖరీదైన కారు మలుపు తిరిగే దృశ్యాలు, నెమ్మదిగా ఒలికే పానీయాలు, మెరిసే కేశాలు మీ షోరీల్‌లో (చేసిన పనుల నమూనా వీడియోలో) ఎన్ని ఉన్నా, వాటిని చూసిన సినీ నిర్మాతకు మీ ఛాయాగ్రాహకుడి మీద నమ్మకం కలుగుతుంది గానీ మీ మీద కలగదు. ఆయన వెతికేది మనుషుల్ని: ఇద్దరు నటులు ఒకరి మాట ఒకరు వినే సన్నివేశం, ముఖం మీద భావం మారే క్షణం, మాట ముగిశాక మిగిలే నిశ్శబ్దం. పారితోషికం కొంత తగ్గినా, సంభాషణ ఉన్న ప్రకటనలనూ, నటీనటులు కాని సామాన్యులతో తీసే ప్రకటనలనూ, ప్రజాప్రయోజన ప్రకటనలనూ వదులుకోకండి. రాకెట్టు వేగంతో కట్ అయ్యే మాంటేజ్ (చిన్న చిన్న షాట్ల వరుస) మీ రీల్‌కు మొదట్లో ఉండవచ్చు, కానీ రెండో నిమిషానికైనా ఒక పూర్తి సన్నివేశం రావాలి.

క్లయింటు ఆమోదించిన కూర్పు మీరు కోరుకున్నట్టు ఉండకపోవచ్చు. ఒప్పందం అనుమతిస్తే, కొంచెం నిడివి పెంచి మీ సొంత కూర్పును విడిగా తయారుచేసుకుని రీల్‌లో అదే చూపండి. ఈ అనుమతి సంగతి చిత్రీకరణకు ముందే, రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. ప్రసారం మొదలయ్యాక అడిగితే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

కథ: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ కాలం

ఈ ప్రయాణంలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బ్రీఫ్ కోసం ఎదురుచూసే అలవాటు మనసులో ఎంత లోతుగా నాటుకుంటుందంటే, పదేళ్ల అనుభవం ఉన్న యాడ్ దర్శకుడు కూడా మంచి స్క్రిప్టు ఎవరైనా తెచ్చిస్తారనే అనుకుంటూ ఉంటాడు. మంచి స్క్రిప్టులు మొదట ఇప్పటికే సినిమాలు తీసినవారి దగ్గరకు వెళతాయి. తొలి సినిమా దర్శకుడికి మిగిలేవి రెండే మార్గాలు: తనే రాయడం, లేదా రచయితతో కలిసి రాయించుకోవడం.

అలన్ పార్కర్ ఎదిగిన క్రమం ఈ విషయంలో పరిశీలించదగింది. లండన్‌లోని కోలెట్ డికెన్సన్ పియర్స్ ఏజెన్సీలో ఆయన కాపీ రైటర్; ఏజెన్సీ నేలమాళిగలో ప్రయోగంగా చిన్న చిన్న ప్రకటనలు తీస్తూ దర్శకత్వం నేర్చుకున్నారు. సినిమా విషయంలో మొదట చేసిన పని మాత్రం రచన: 1971లో విడుదలైన ఒక చిత్రానికి స్క్రీన్‌ప్లే రాశారు, దానికి దర్శకుడు వేరొకరు. ఆ తర్వాత లఘుచిత్రాలు తీశారు. 1975లో బీబీసీకి ఒక టీవీ చిత్రాన్ని తీశారు. 1976లో తాను రాసుకున్న స్క్రిప్టుతో తొలి సినిమా తీశారు. ఒక్కో మెట్టు దగ్గర ఆయన తీసే చిత్రాల నిడివి పెరుగుతూ వచ్చింది, పైగా ప్రతి మెట్టుకూ చేతిలో రాత ఉంది. ప్రకటనల నుంచి వచ్చిన దర్శకుల్లో అందరూ ఇంత క్రమంగా ఎదగలేదు. అయినా అనుసరించడానికి ఇంతకంటే నమ్మదగిన నమూనా నాకు కనిపించలేదు.

రాయడం బొత్తిగా రాదనుకునేవారు ఇప్పటికే ఉన్న కథను ఎంచుకోవచ్చు. రిడ్లీ స్కాట్ తన తొలి చిత్రానికి జోసెఫ్ కాన్రాడ్ కథను తీసుకున్నారు. కాన్రాడ్ 1924లో మరణించారు కాబట్టి, రచయిత మరణించిన 50 ఏళ్లకు కాపీరైటు ముగిసే అప్పటి బ్రిటన్ చట్టం ప్రకారం ఆ కథకు హక్కుల రుసుము చెల్లించవలసిన అవసరం లేకపోయింది. కాపీరైటు కాలం దేశాన్ని బట్టి మారుతుంది. అనేక దేశాల్లో ఇప్పుడు రచయిత మరణానంతరం 70 ఏళ్లు, భారతదేశంలో 60 ఏళ్లు. హక్కులు ఇంకా అమలులో ఉన్న కథ నచ్చితే, మొత్తం హక్కులు కొనకుండా, కొద్ది మొత్తం చెల్లించి ఏడాది లేదా రెండేళ్ల కాలానికి ఆప్షన్ ఒప్పందం చేసుకోవచ్చు. ఆ గడువులో స్క్రిప్టు రాసుకుని నిర్మాతను వెతుక్కోవాలి. ఒప్పందం లేకుండా ఒకరి కథ మీద ఏడాది కష్టపడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

రాసేటప్పుడు ప్రకటనల వారికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఒక్క వాక్యంలో మెరిసే ఆలోచన దొరికితే చాలు, పని అయిపోయిందనిపిస్తుంది. 30 సెకన్లకు అది సరిపోతుంది. సినిమాలో ఆ మెరుపు పదిహేను నిమిషాల్లో ఖర్చయిపోతుంది, ఆ తర్వాత ప్రేక్షకుడు ఆ మనిషికి ఏమవుతుందో తెలుసుకోవాలనే కూర్చుంటాడు. అందుకని మీ ఆలోచనను ఇలా పరీక్షించుకోండి: అందులోని వింతను తీసివేసి, ప్రధాన పాత్రకు ఏం కావాలి, అది దొరక్కుండా అడ్డుపడేదెవరు, దాని కోసం అతను ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడతాడు అన్న మూడు ప్రశ్నలకు మాత్రమే జవాబు రాయండి. జవాబులు బలహీనంగా ఉంటే వింత ఎంత గొప్పదైనా ఆ కథ సగం దాటదు. చాలా స్క్రిప్టులు విరామం తర్వాత కుంటుపడేది ఈ కారణంగానే.

రచయితతో పనిచేసేవారికి ఒక మాట. ఏజెన్సీలో కాపీ రైటరూ ఆర్ట్ డైరెక్టరూ జంటగా కూర్చుని వాదించుకుంటూ ఆలోచనను పదునుపెడతారు. ఈ అలవాటు స్క్రీన్‌ప్లే రచనకు ఎంతో పనికొస్తుంది. కాకపోతే క్లయింటు వ్యాఖ్యల్లాగా అంశాలవారీగా సవరణలు పంపడం మానుకోండి. ప్రతి డ్రాఫ్టునూ మొదటి నుంచి చివరి దాకా ఒకే విడతలో చదివి, మీకు ఎక్కడ విసుగు పుట్టిందో మాత్రమే ముందు చెప్పండి.

మధ్యలో ఒక లఘుచిత్రం

స్క్రిప్టు రూపుదిద్దుకుంటూ ఉండగా పది నుంచి ఇరవై నిమిషాల లఘుచిత్రం ఒకటి తీయండి. ఇది చిత్రోత్సవాల కోసం అనుకోవడం కంటే మీ అలవాట్లను మీరే పరీక్షించుకోవడం కోసం అనుకుంటే మేలు. అందుకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి: ఒకే ప్రదేశం, ముగ్గురికి మించని పాత్రలు, నేపథ్య సంగీతం లేదు, మాంటేజ్ లేదు, స్లో మోషన్ లేదు. మీకు బాగా వచ్చిన సాధనాలన్నీ పక్కన పెట్టాక, కేవలం నటులతోనూ సన్నివేశ నిర్మాణంతోనూ ప్రేక్షకుణ్ని పన్నెండు నిమిషాలు కూర్చోబెట్టగలిగితే, పెద్ద సినిమాకు కావలసిన ముఖ్యమైన కండరం బలపడినట్టే. మీ ప్రకటనలకు పనిచేసే సిబ్బంది ఖాళీ రోజుల్లో సహాయపడతారు. అయితే వారి రోజులకు ఎంతో కొంత చెల్లించండి, మొహమాటంతో వచ్చినవారు మధ్యలో మంచి పని దొరికితే వెళ్లిపోవడం సహజం.

జీతమా, సినిమానా

ఉద్యోగం మానేసి సినిమా కోసం తిరగాలా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు గానీ, మానకుండా చేసినవారు చాలామంది ఉన్నారు. రాయ్ 1952లో తొలి చిత్రాన్ని మొదలుపెట్టినప్పుడు కీమర్‌లో ఉద్యోగంలోనే ఉన్నారు, సెలవు రోజుల్లో చిత్రీకరించేవారు. దానికి చెల్లించుకోవలసిన మూల్యమూ ఆయనకు తెలిసివచ్చింది: రెల్లుపూల పొలంలో ఒక రోజు తీసి, మరుసటి వారం తిరిగి వెళ్లేసరికి పశువులు ఆ పూలను మేసేశాయి, మిగిలిన దృశ్యాన్ని మళ్లీ పూలు పూసే రుతువు వచ్చాక తీయవలసి వచ్చింది. ఆ సినిమా 1955లో విడుదలైంది. ఆర్. బాల్కి 2007లో తొలి చిత్రం తీసిన తర్వాత కూడా చాలా ఏళ్లు తన ఏజెన్సీ బాధ్యతల్లోనే కొనసాగారు.

నా సలహా ఏమిటంటే, రచన, హక్కులు, నిర్మాత అన్వేషణ ఉద్యోగంలో ఉండగానే సాగించండి. ప్రీ-ప్రొడక్షన్ (చిత్రీకరణకు ముందు సన్నాహాలు) మొదలైన రోజు నుంచి సినిమా పూర్తయ్యేదాకా మాత్రం వేరే పని పెట్టుకోకండి. ఆ కాలం తేలిగ్గా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. తొలి సినిమా పారితోషికం సాధారణంగా విడతలవారీగా, ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఇంటి ఖర్చుకు ఆ రెండేళ్లకు సరిపడా మిగుల్చుకున్నాకే తేదీలు ప్రకటించండి. యాడ్ దర్శకుల ఆదాయం సినిమావాళ్లకు ఆశ్చర్యం కలిగించేంత ఉంటుంది, కానీ జీవనశైలి కూడా దానితోపాటే పెరిగిపోతుంది; మిగుల్చుకోవడం అనుకున్నంత సులభం కాదు.

నిర్మాతను వెతకడం, ఒప్పందం రాసుకోవడం

నిర్మాత ఎక్కడో దూరాన ఉంటాడనుకోనక్కరలేదు. పార్కర్, స్కాట్, హడ్సన్ ముగ్గురి తొలి సినిమాలనూ నిర్మించిన డేవిడ్ పట్నమ్ కూడా కోలెట్ డికెన్సన్ పియర్స్‌లో పనిచేసినవారే. బెనెగల్ తొలి చిత్రానికి డబ్బు పెట్టింది, థియేటర్లకు ప్రకటన చిత్రాలను పంపిణీ చేసే బ్లేజ్ అనే సంస్థ. మీ పనితీరునూ, మాట నిలబెట్టుకునే తీరునూ కళ్లారా చూసినవారు మీ చుట్టూనే ఉన్నారు: నిర్మాణ సంస్థల యజమానులు, లైన్ ప్రొడ్యూసర్లు (చిత్రీకరణ ఖర్చులు, ఏర్పాట్లు చూసేవారు), ఏజెన్సీ వదిలి సొంతంగా ఏదైనా చేయాలనుకునే సహోద్యోగులు. మొదట వారితో మాట్లాడండి.

నిర్మాతను కలిసినప్పుడు మీ దృశ్య నైపుణ్యాన్ని వాడుకోవడంలో తప్పులేదు. స్కాట్ తన రెండో సినిమాకు వివరమైన స్టోరీబోర్డులు (షాట్లను వరుసగా చూపే బొమ్మలు) స్వయంగా గీసి చూపించాక స్టూడియో బడ్జెట్‌ను దాదాపు రెట్టింపు చేసింది. జపాన్‌లో వందల కొద్దీ టీవీ ప్రకటనలు తీసిన నొబుహికో ఒబయాషి, తన సినిమా చిత్రీకరణ మొదలవకముందే దాని సంగీతాన్నీ, రేడియో నాటకాన్నీ జనంలోకి పంపి ఆసక్తి పుట్టించారు. అయితే అందమైన పిచ్ డెక్ (సినిమా ఆలోచనను బొమ్మలతో వివరించే పత్రం) చూసి నిర్మాత ఒప్పేసుకోవడమే ఒక్కోసారి ప్రమాదం. స్క్రిప్టు పూర్తికాకుండానే తేదీలు ఖరారవుతాయి. డేవిడ్ ఫించర్ ప్రకటనలు, మ్యూజిక్ వీడియోల నుంచి వచ్చి 1992లో తీసిన తొలి సినిమా ఒక పెద్ద స్టూడియో సిరీస్‌లో భాగం. పూర్తి స్క్రిప్టు లేకుండానే దాని చిత్రీకరణ మొదలైంది, చివరి కూర్పు ఆయన చేతిలో లేకుండా పోయింది. ఆ చిత్రాన్ని ఆయన తనదిగా ఒప్పుకోవడానికి ఇష్టపడరు. ఆయన ప్రతిభ అందరికీ స్పష్టమయ్యేలా చేసిన సినిమా 1995లో వచ్చింది. పేరున్న సిరీస్ నుంచి పిలుపు వచ్చిన యాడ్ దర్శకులు ఈ ఉదాహరణను రెండుసార్లు ఆలోచించాలి.

ఒప్పందంలో చూడవలసినవి ఎక్కువ లేవు గానీ, ఉన్న కొన్నీ ముఖ్యమైనవి. స్క్రిప్టు లాక్ అయ్యాకే (ఇక మార్పుల్లేకుండా ఖరారయ్యాకే) చిత్రీకరణ మొదలవుతుందన్న మాట రాయించండి. మీ కూర్పుకు ఎన్ని వారాలు ఇస్తారో రాయించండి. అమెరికా దర్శకుల సంఘం ఒప్పందం కింద తీసే పూర్తి స్థాయి సినిమాల్లో ఇందుకు సాధారణంగా కనీసం 10 వారాలుంటాయి, మీకు సంఘం లేకపోయినా అడగడానికి అది ఒక ఆధారం. సినిమా ఆగిపోతే లేదా నెలల కొద్దీ వాయిదాపడితే మధ్యలో ప్రకటనలు తీసుకునే స్వేచ్ఛ మీకుండాలి. ప్రత్యేక సేవల షరతు (ఈ సినిమాకు తప్ప వేరే పని చేయకూడదన్న నిబంధన) చూడకుండా సంతకం పెట్టి, సినిమా మొదలవక, వేరే పని చేయలేక ఇరుక్కున్న దర్శకులు ప్రతి పరిశ్రమలోనూ కనిపిస్తారు.

సెట్టు మీద

ప్రతి ఫ్రేమునూ స్టోరీబోర్డు వేసుకునే అలవాటును ఇక్కడ తగ్గించుకోవాలి. పోరాటాలు, ప్రమాదాలు, గ్రాఫిక్స్ ఉన్న సన్నివేశాలకు స్టోరీబోర్డు తప్పనిసరి. ఇద్దరు మనుషులు ఒక గదిలో మాట్లాడుకునే సన్నివేశానికి మాత్రం నటులతో ముందు బ్లాకింగ్ (ఎవరు ఎక్కడ నిలబడి, ఎటు కదలాలో సాధన) చేసి, వారు ఎక్కడ నిలబడాలనిపించిందో చూశాకే కెమెరా చోటు నిర్ణయించండి. ప్రకటనలో నటుడు ఫ్రేములో సరిపోయేలా కదులుతాడు. ఇక్కడ నటుడి కదలికకు ఫ్రేము సరిపోవాలి.

ప్రతిరోజూ ఉదయం ఆ రోజు సన్నివేశాలను రెండు రకాలుగా విడగొట్టుకోండి. సినిమా నిలబడేది ఏ సన్నివేశాల మీదో వాటికి సమయం ఇవ్వండి, కేవలం కథను ముందుకు నడిపేవాటిని రెండు మూడు షాట్లలో ముగించండి. ప్రకటనలో ప్రతి షాటుకూ సమాన శ్రద్ధ పెట్టడమే వృత్తిధర్మం, అదే ఇక్కడ పెట్టుకుంటే మూడో రోజుకే షెడ్యూలు వెనకబడుతుంది. నటుల విషయంలో మరో చిక్కుంది. సన్నివేశాలు వరుసగా తీయరు కాబట్టి, ఈ రోజు తీసే సన్నివేశానికి ముందు ఆ పాత్ర ఏ స్థితిలో ఉంది, తర్వాత ఎక్కడికి చేరుతుంది అన్నది దర్శకుడి మనసులో స్పష్టంగా ఉండాలి. ప్రతి పాత్రకూ సన్నివేశాల వారీగా ఒక వాక్యం చొప్పున రాసిపెట్టుకున్న చిన్న పుస్తకం షూటింగ్ అంతటా జేబులో ఉండటం మంచిది. నటుడు అడిగినప్పుడు దర్శకుడు తడబడకపోతే సెట్టు మీద సగం అలజడి తగ్గుతుంది.

కూర్పు గదిలో

వేగంగా కత్తిరించే అలవాటు ఇక్కడ మిమ్మల్ని మోసగిస్తుంది. ఏ సన్నివేశాన్నైనా విడిగా చూస్తూ కుదించుకుంటూ పోతే అది బాగుపడుతున్నట్టే కనిపిస్తుంది. సినిమా మొత్తం కలిపి చూసినప్పుడు మాత్రం ఊపిరి తీసుకునే చోటు లేక ప్రేక్షకుడు అలసిపోతాడు. కాబట్టి వారానికోసారైనా రఫ్ కట్‌ను (సినిమా తొలి ముతక కూర్పును) ఆపకుండా, చివరి దాకా, పెద్ద తెర మీద చూడండి. తాత్కాలిక సంగీతం (అసలు సంగీతం సిద్ధమయ్యేదాకా పెట్టుకునే వేరే సంగీతం) మొదటి రెండు కట్‌లకు వద్దు. ఎక్కువగా సినిమాలే కూర్చిన ఎడిటర్‌ను తీసుకోవడం మంచిది, మీ యాడ్ ఎడిటర్ ఎంత సన్నిహితుడైనా సరే. మీ ఇద్దరి అలవాట్లూ ఒకటే అయితే మిమ్మల్ని ఆపేవారుండరు.

తొలి సినిమా విడుదలయ్యాక

సినిమా ఆడినా ఆడకపోయినా ప్రకటనల తలుపు మూసుకోకండి. టోనీ స్కాట్ 1983లో తీసిన సినిమా విజయం సాధించలేదు. తర్వాత ఆయన మళ్లీ ప్రకటనలే తీశారు. సాబ్ కారు యుద్ధవిమానంతో పోటీపడే ఆయన ప్రకటన చూసిన నిర్మాతలు 1986లో విడుదలైన తమ యుద్ధవిమానాల సినిమాను ఆయన చేతిలో పెట్టారు. స్వీడన్‌కు చెందిన రాయ్ ఆండర్సన్ కథ ఇంకా దీర్ఘమైనది. 1975లో రెండో సినిమా పరాజయం పాలయ్యాక ఆయన పాతికేళ్లపాటు పూర్తి నిడివి సినిమా తీయలేదు. ప్రకటనల ఆదాయంతో 1981లో సొంత స్టూడియో కట్టుకుని, కదలని కెమెరాతో ఒకే షాట్‌లో సన్నివేశం చెప్పే పద్ధతిని ఆ ప్రకటనల్లోనే సాధన చేశారు. 2000లో వచ్చిన ఆయన సినిమా కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పంచుకుంది.

తిరిగి ప్రకటనలకు వెళ్లినప్పుడు మీ రీల్‌లో సినిమాలోని దృశ్యాలు రెండు నిమిషాలకు మించకుండా పెట్టండి. ఏజెన్సీవారు సినిమా దర్శకులతో పనిచేయడానికి ఉత్సాహపడతారు గానీ, వారు ఎక్కువ రోజులు అడుగుతారేమో, క్లయింటు మాట వినరేమో అన్న భయమూ ఉంటుంది. మొదటి ఒకటి రెండు పనులను ఇచ్చిన రోజుల్లోనే ముగించి చూపితే ఆ భయం తొలగిపోతుంది. ఆ పనుల మధ్య దొరికే వారాల్లో రెండో స్క్రిప్టు మొదలుపెట్టవచ్చు.